పసిబిడ్డ తల్లిని చూసొచ్చిన మనిషికి నిద్ర పట్టకపోతే

ఆమదాలవలస నుంచి ఒక సోదరి ఉత్తరం రాసింది. పేరు వెయ్యొద్దని కోరింది. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చి, ఆమె అనుమతితోనే ఇక్కడ ప్రస్తావిస్తున్నాను.

ఉత్తరం రెండు పేజీలు. మొదటి పేజీ అంతా నిద్ర గురించే. పదిహేను రోజులుగా రాత్రి రెండింటికి మెలకువ వచ్చేస్తోందట. మళ్ళీ కన్ను మూతపడదట. మందుల షాపులో అడిగితే డాక్టరు చీటీ లేకుండా ఇవ్వం అన్నారట. "మీరైనా ఒక మాత్ర పేరు రాయండి డాక్టరుగారూ" అని ముగించింది. అసలు సంగతి రెండో పేజీలో వుంది. మీ ఉత్తరాలు చాలావరకు ఇలాగే వుంటాయి. మొదటి పేజీలో మందు అడుగుతారు, రెండో పేజీలో జబ్బు చెబుతారు.

ఈమె ఆశా కార్యకర్త. కాన్పయిన ఇళ్ళకి వెళ్ళి తల్లీబిడ్డల్ని చూసి రావడం ఆమె పనుల్లో ఒకటి. ఆసుపత్రిలో పురుడు పోసుకుని వచ్చిన తల్లి దగ్గరికి 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో, మొత్తం ఆరుసార్లు వెళ్ళాలి. దేశమంతటా 2011 నుంచి నడుస్తున్న పద్ధతి ఇది. బిడ్డ బరువు తూచాలి, ఒళ్ళు వెచ్చగా వుందా చల్లగా వుందా చూడాలి, బొడ్డు చూడాలి, పాలు పట్టే తీరు చూడాలి, కాగితం నింపాలి.

ఆమె పరిధిలో ఒక చిన్నపిల్ల వుంది. చిన్నపిల్లే, ఇరవై ఏళ్ళు నిండలేదు. తొలి కాన్పు. ఆడపిల్ల పుట్టింది. తల్లి లేని పిల్ల కావడంతో పురుడు అత్తవారింట్లోనే జరిగింది. భర్త హైదరాబాదులో కట్టుబడి పనుల్లో వున్నాడు. బిడ్డ పుట్టినప్పుడు వచ్చి, వారం వుండి, వెళ్ళిపోయాడు. అత్తగారు మంచి మనిషే. బిడ్డకి నీళ్ళు పొయ్యడం, సాంబ్రాణి పొగ వెయ్యడం అంతా ఆవిడే. 42వ రోజున మన సోదరి వెళ్ళింది. బిడ్డ బరువు బాగుంది, బొడ్డు మానింది, పాలు తాగుతోంది. కాని తల్లి గోడకేసి చూస్తూ పాలిస్తోంది. బిడ్డ ముఖం చూడదు. బిడ్డ కూడా తల్లి ముఖం వెతకడం మానేసినట్టు ఫ్యాన్ వైపు చూస్తోంది. ఏమమ్మా బాగున్నావా అంటే, ఆ పిల్ల మెల్లగా "అప్పా, ఇది ఏడుస్తుంటే నాకు ఎక్కడో దూరంగా వేరే ఇంట్లో ఏడుస్తున్నట్టుంటాది" అందట.

సోదరి ఏం చెయ్యాలో తెలియక "అంతా సర్దుకుంటుందిలే" అని, కాగితం నింపి, వచ్చేసింది. కాగితంలో తల్లి అసందర్భంగా మాట్లాడుతోందా, ఫిట్స్ వచ్చాయా అని అడిగే ప్రశ్న వుంది. అసలు మాట్లాడకుండా గోడకేసి చూసే తల్లికి గడి లేదు. అన్ని గడుల్లోనూ బాగుంది అనే పడింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి అన్నం తొందరగా పెట్టమన్న కొడుకుని కొట్టింది. ఆ రాత్రి నుంచి నిద్ర లేదు. ఉత్తరం చివర రెండు వాక్యాలు రాసింది. "ఇప్పుడు ఆ వీధి తప్పించి తిరుగుతున్నాను. నాకూ మా పెద్దోడు పుట్టినప్పుడు మూడు నెలలు వాడి మీద మనసు రాలేదు, ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు."

ఇది అచ్చయ్యేదాకా ఆగే విషయం కాదు. ఉత్తరం అందిన రోజే ఆమె ఇచ్చిన నంబరుకి ఫోన్ చేశాను. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందుగా ఆ తల్లి గురించి నాలుగు మాటలు. ఇలాంటి తల్లి మీ ఇంట్లోనూ వుండి వుండవచ్చు.

కాన్పయిన రెండు మూడు రోజులకి కారణం లేకుండా ఏడుపు రావడం, చిరాకు పడటం సగానికి పైగా తల్లుల్లో వుంటుంది. రెండు వారాల్లోపు దానంతటదే పోతుంది. దానికి మందు అక్కర్లేదు, దగ్గర మనిషి వుంటే చాలు. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, బిడ్డ మీద మనసు రాకపోతే, బిడ్డ నిద్రపోతున్నా తనకి నిద్ర పట్టకపోతే, తిండి సయించకపోతే, నేను పనికిరాని తల్లిని అని పదేపదే అంటూంటే అది జబ్బు. కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్. మన దేశంలో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వేసిన లెక్క ప్రకారం నూటికి 22 మంది తల్లుల్లో ఇది కనిపిస్తుంది. అంటే మీ వీధిలో అయిదు ఇళ్ళలో ఊయల కడితే ఒక ఇంట్లో వున్నట్టే. దీన్ని మనవాళ్ళు గీర అంటారు, బద్ధకం అంటారు, గాలి సోకిందంటారు, ఆడపిల్ల పుట్టిందని అలిగిందంటారు. ఏదీ కాదు. రక్తహీనత, థైరాయిడ్ లోపం కూడా ఇలాంటి లక్షణాలనే చూపిస్తాయి కనుక రక్తపరీక్ష తప్పనిసరి. మందులు అవసరమైతే బిడ్డకి పాలిస్తూ వాడదగ్గవి వున్నాయి. డాక్టరు చెప్పకుండా పాలు మాన్పించకండి.

ఇంకొకటి వుంది, అది వెయ్యిమంది తల్లుల్లో ఒకరిద్దరికి వస్తుంది. రోజుల తరబడి నిద్ర లేకుండా తిరగడం, ఎవరో మాట్లాడుతున్నట్టు వినబడటం, ఈ బిడ్డ నాది కాదు అనడం. ఇలా వున్నా, చచ్చిపోతాను అని గాని, బిడ్డని ఏమైనా చేస్తానేమో అని గాని అన్నా ఒక్క గంట కూడా ఒంటరిగా వదలకండి. ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. 108కి ఫోన్ చెయ్యండి. అటువైపు వారికి శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి దగ్గర. విశాఖపట్నం చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం వుంది. బెంగుళూరు నిమ్‌హాన్స్‌లో 2009 నుంచి తల్లినీ బిడ్డనీ విడదీయకుండా కలిపి చేర్చుకునే వార్డు వుంది.

"తల్లికి దిగులుంటే సరే, చంటిబిడ్డకి మనసేమిటండీ, పాలూ నిద్రా తప్ప" అంటారు కొందరు. మన ముసలమ్మలు అలా అనుకోలేదు. కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోస్తూ బిడ్డతో ఎన్ని కబుర్లు చెబుతారో గమనించారా? బిడ్డ "ఉంగా" అంటే ఆవిడా "ఉంగా" అంటుంది, ఆగుతుంది, బిడ్డ మళ్ళీ అంటుంది. బిడ్డ మనసుకి అదే తిండి. అమెరికాలో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1970లలో ఒక చిన్న ప్రయోగం చేశాడు. తల్లి కాసేపు బిడ్డని ఆడించి, తర్వాత రెండు మూడు నిమిషాలు ముఖంలో ఏ భావమూ లేకుండా చూస్తూ వుండాలి. నాలుగు నెలల బిడ్డ ముందు నవ్వుతుంది, చేతులు చాపుతుంది, కేకవేస్తుంది. తల్లి కదలకపోతే తల తిప్పేసుకుని నీరసపడిపోతుంది. తల్లి మళ్ళీ నవ్వితే బిడ్డ కోలుకుంటుంది, కాబట్టి మీరు ఒక పూట పరధ్యానంగా వున్నందుకు భయపడకండి. ఆ రెండు నిమిషాలు రెండు నెలలైతే ఏమవుతుందన్నది ప్రశ్న. 42వ రోజున ఫ్యాన్ వైపు చూసే బిడ్డ కథ అది.

ఇప్పుడు ఉత్తరం రాసిన మనిషి దగ్గరికి వద్దాం. బిడ్డ భారం తల్లి మోస్తుంది. తల్లి మొయ్యలేని భారంలో కొంత ఆమె దగ్గరికి వెళ్ళే ఆశా కార్యకర్తో, నర్సో, అంగన్‌వాడీ టీచరో ఎత్తుకుని బయటికొస్తుంది. బయటికొచ్చాక దించుకోవడానికి చోటేదీ?

నా సొంత కథ ఒకటి చెబుతాను. హౌస్ సర్జన్‌గా వున్న రోజులు. పిల్లల వార్డు. ఒకావిడ రెండు నెలల బిడ్డని వారంలో మూడుసార్లు తెచ్చింది. పాలు తాగడం లేదంటుంది. తూస్తే బరువు పెరుగుతోంది. మూడోసారి తెచ్చినప్పుడు నేను అందరి ముందూ అరిచాను. "బిడ్డకేం లేదు, వున్నదంతా నీకే" అన్నాను. ఆవిడ మాట్లాడకుండా బిడ్డని చీరకొంగులో కప్పుకుని వెళ్ళిపోయింది. ఆ రాత్రి డ్యూటీలో వార్డు సిస్టరు, రిటైరవడానికి ఏడాది వుందేమో ఆవిడకి, ఫ్లాస్కులో టీ పోసి నా ముందు పెట్టి కూర్చుంది. "పొద్దున ఆవిణ్ణి చూస్తే మీకు అంత కోపం ఎందుకొచ్చింది బాబూ?" అంది.

నలభైమంది పేషెంట్లు వున్నారని, నిద్ర లేదని చెప్పాను. ఆవిడ విని ఊరుకుంది. లేచి వెళ్ళలేదు. అలా ఎవరైనా ఊరికే కూర్చుంటే మనం దాచుకున్నది బయటికొస్తుంది. నా చిన్నప్పుడు మా అమ్మ నన్ను ఎత్తుకుని డాక్టర్ల చుట్టూ అలాగే తిరిగేది. మా నాన్న చుట్టాల ముందు ఆమెని వెక్కిరించేవాడు. పొద్దున నా నోట వచ్చింది మా నాన్న గొంతు. ఆ మాట చెప్పాక సిస్టరు నన్ను తిట్టలేదు, ఓదార్చనూ లేదు. ఒకటే అడిగింది. "మీరు అరుస్తున్నప్పుడు ఆ బిడ్డ ఏం చేస్తోంది?"

నాకు తెలియదు. మూడుసార్లు తూచిన బిడ్డ ముఖం నాకు గుర్తు లేదు. మర్నాడు చిరునామా వెతికించాం. చీటీ మీద వున్న వీధిలో అలాంటివాళ్ళెవరూ లేరన్నారు. ఆవిడ మళ్ళీ రాలేదు.

ఆ సిస్టరు చేసిన పనికి ఇంగ్లీషులో ఒక పేరుందని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. రిఫ్లెక్టివ్ సూపర్‌విజన్ అంటారు. సూపర్‌విజన్ అనగానే మనకి తనిఖీ గుర్తొస్తుంది, రిజిస్టరు తెరవమనడం, ఎర్రసిరాతో గీతలు గియ్యడం గుర్తొస్తాయి. ఇది అది కాదు. ఆవు పొద్దంతా మేసింది సాయంత్రం నీడన కూర్చుని నెమరువేసినట్టు, ఇళ్ళల్లో చూసొచ్చినదాన్ని ఒక నమ్మకమైన మనిషి ఎదుట నెమరువెయ్యడం. నేను దీన్ని నెమరు కూర్పు అంటాను, మీకింకా మంచి పేరు తోస్తే రాయండి.

దీనికి పుట్టిల్లు అమెరికాలో మిషిగన్ రాష్ట్రం. అక్కడ సెల్మా ఫ్రైబర్గ్ అనే ఆవిడ 1970లలో తన బృందంతో పసిబిడ్డలున్న ఇళ్ళకే వెళ్ళి, వంటగదిలోనో వసారాలోనో కూర్చుని తల్లులతో పనిచేసింది. తల్లి తన చిన్నతనంలో పడిన బాధ ఊయల చుట్టూ దయ్యంలా తిరిగి, బిడ్డ ఏడుపు ఆమె చెవిన పడకుండా చేస్తుందని 1975లో రాసింది. తల్లి ఏడుపుని ఎవరైనా విన్నాకే ఆ తల్లికి బిడ్డ ఏడుపు వినిపిస్తుందని ఆమె గమనించింది. ఆ దారిలో నడిచినవాళ్ళు ఒక అడుగు ముందుకెళ్ళి, ఆ దయ్యాలు తల్లికే కాదు, ఇంటికొచ్చే పనివారికీ వుంటాయి కదా అన్నారు. ఇప్పుడు మిషిగన్‌లో పసిపిల్లల మానసిక ఆరోగ్యంలో పనిచేసేవారికి యోగ్యతాపత్రం ఇవ్వాలంటే, ఇన్ని గంటలు ఇలాంటి సూపర్‌విజన్‌లో కూర్చున్నారా అని చూస్తారు. లండన్‌లో మైకేల్ బాలింట్ అనే డాక్టరు 1950లలోనే సాధారణ డాక్టర్లని వారం వారం కూర్చోబెట్టి, రోగం గురించి కాదు, ఆ రోగిని చూస్తే నీకేమనిపించింది అని మాట్లాడించేవాడు. పెద్ద డాక్టర్లకి అవసరమైంది ఆమదాలవలసలో ఆశా కార్యకర్తకి అక్కర్లేదా?

మన పక్కనే రెండు ఉదాహరణలున్నాయి. తెలంగాణ సరిహద్దులో వున్న గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు 1990లలో 39 గ్రామాల్లో పల్లె ఆడవాళ్ళకే నేర్పి పురిటిబిడ్డల్ని ఇంటి దగ్గర చూపించారు. నెలలోపు బిడ్డల చావులు 62 శాతం తగ్గాయని 1999లో ప్రకటించారు. ఇప్పటి ఆరు సందర్శనలు ఆ అనుభవం లోంచి వచ్చినవే. ఆ కథలో అందరూ మరచిపోయే ముక్క ఒకటుంది. పదిహేను రోజులకోసారి ఒక డాక్టరు ఆమె వూరికే వచ్చి, ఆమె రాసింది చూసి, తప్పు దిద్ది, నేర్పి వెళ్ళేవాడు. మనసు విప్పడానికి పెట్టిన కూర్పు కాదది, అయినా ఆమె ఒంటరి కాదు. మనం సందర్శనలు తెచ్చుకున్నాం, ఆ వచ్చే మనిషిని అక్కడే వదిలేశాం.

రెండోది పాకిస్తాన్‌లో రావల్పిండి పల్లెల్లో. అక్కడి ఆరోగ్య కార్యకర్తలకి, దిగులు పడిన గర్భిణులతో, బాలింతలతో ఎలా మాట్లాడాలో డాక్టర్ అతీఫ్ రహమాన్ బృందం నేర్పింది. బిడ్డకి ఆరు నెలలు వచ్చేసరికి మామూలుగా ఇంటికెళ్ళి వచ్చినచోట నూటికి 53 మంది తల్లులు ఇంకా డిప్రెషన్‌లో వున్నారు. నేర్చుకున్నవాళ్ళు వెళ్ళినచోట 23 మందే. 2008లో లాన్సెట్‌లో వచ్చింది. ఆ కార్యకర్తలు చదువుకున్న మానసిక వైద్యులు కారు, మన ఆశా కార్యకర్తల వంటివారే. వాళ్ళు నెలకోసారి గుంపుగా కూర్చుని, ఎక్కడ చిక్కుకున్నామో చెప్పుకునేవారు.

మరి ఆమదాలవలసలో ఎలా? కొత్తగా ఆఫీసు కట్టనక్కర్లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెలనెలా ఆశా మీటింగు జరుగుతూనే వుంది. మీటింగులో లెక్కలు అప్పజెప్పడమే సరిపోతుంది. లెక్కలయ్యాక నలుగురైదుగురు ఒక గంట విడిగా కూర్చుంటే చాలు. ప్రతిసారీ అదే రోజు, అదే చోటు, వీలైతే అదే పెద్దమనిషి. ఆ పెద్దమనిషి అనుభవం గల ఏ.ఎన్.ఎం. కావచ్చు, పిల్లల డాక్టరు కావచ్చు, రిటైరైన నర్సు కావచ్చు. ఇక్కడ నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. మార్కులు వేసే అధికారి ఆ కుర్చీలో కూర్చోకూడదు. "నేను ఆ వీధి తప్పించి తిరుగుతున్నాను" అన్న మాట అధికారి చెవిన పడితే మెమో అవుతుంది, ఈ కూర్పులో పడితే వైద్యం మొదలవుతుంది.

ఎలా మాట్లాడతారో చూపిస్తాను. మన సోదరి ఆ కూర్పులో కూర్చుందనుకోండి.

"ఆ ఇంటికి ఎందుకు వెళ్ళలేదమ్మా?" అన్నారో, సంభాషణ అక్కడితో చచ్చిపోతుంది. "పనెక్కువైపోయింది మేడమ్" అంటుంది.

"ఆ ఇంటి గుమ్మంలో అడుగుపెట్టగానే నీకేం కనిపించింది, మొదటినుంచీ చెప్పమ్మా" అనాలి. ఆమె గోడ సంగతి చెబుతుంది, ఫ్యాన్ సంగతి చెబుతుంది. తొందరపడి సలహా ఇవ్వకూడదు. "అది చూస్తే నీకెలా వుంది?" అనాలి. "ఊపిరాడలేదు మేడమ్, పారిపోవాలనిపించింది." ఇక్కడ పెద్దమనిషి కాసేపు ఊరుకోవాలి. ఆమె తన పెద్దోడి సంగతి చెప్పాలనుకుంటే చెబుతుంది, లేకపోతే లేదు, తవ్వకూడదు. ఇది ఒప్పుకోలు కాదు, ఆమె సంసారం విప్పే పంచాయితీ అంతకన్నా కాదు. చెబితే మాత్రం "అప్పుడు నీకెవరు సాయమొచ్చారు?" అని అడగవచ్చు. ఎవరూ రాలేదన్న జవాబులోనే, ఆ పిల్లకి ఇప్పుడేం కావాలో వుంది. ఆ తర్వాత మా సిస్టరు అడిగిన ప్రశ్న. "అంతసేపూ బిడ్డ ఏం చేస్తోంది?" ఈ ప్రశ్న మరవకూడదు. పెద్దవాళ్ళ బాధ తవ్వుకుంటూ పోతే బిడ్డ ఎవరికీ కనబడకుండా పోతుంది. చివర్లో "ఈసారి వెళ్ళేటప్పుడు నీతో ఎవరొస్తే బాగుంటుంది?" అని అడిగి ముగించాలి.

చూశారా, ఇందులో ఓదార్పు తక్కువ. "అయ్యో పాపం, ఎంత కష్టపడుతున్నావో" అన్న మాటలకి ఆ పూట కళ్ళనీళ్ళొస్తాయి, మర్నాడు మళ్ళీ అదే వీధి తప్పించుకు తిరుగుతుంది. తన భయం ఆ పిల్ల భయంతో కలిసిపోయిందని తెలిస్తే, రెండిటినీ విడదీసి, తనది ఇంటిదగ్గర పెట్టి వెళ్ళగలుగుతుంది. అక్కడ విన్నది అక్కడే వుండాలి, ఇళ్ళ పేర్లు పలకకూడదు. ఆమదాలవలస పెద్ద వూరేం కాదు. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో రైలు దిగేవాడికి కూడా ఎవరింటి కోడలు ఎవరో తెలుస్తుంది.

ఒక హెచ్చరిక. పని భారం తగ్గించమనీ, గౌరవ వేతనం పెంచమనీ అడిగిన మనిషిని కూర్చోబెట్టి "నీ మనసులో ఏముందో చెప్పుకోమ్మా" అనడం వైద్యం కాదు, మోసం. రెండు ఆకళ్ళూ వేరు.

ఇక ఇళ్ళల్లో వున్న మీ సంగతి. ఆశా కార్యకర్త వస్తే గేటు దగ్గరే "అంతా బాగుంది, రాసుకో" అని పంపెయ్యకండి. కుర్చీ వెయ్యండి, మంచినీళ్ళివ్వండి. అత్తగార్లకి ఒక మనవి. కోడలు, ఆమె ఇద్దరూ పది నిమిషాలు విడిగా మాట్లాడుకోనివ్వండి. మీ మీద చాడీలు చెబుతుందని భయపడకండి, చెప్పినా కొంప మునగదు. చెన్నైలోనో హైదరాబాదులోనో పనిచేసే భర్తలకి ఒక మాట. రాత్రి ఫోన్ చేసినప్పుడు బిడ్డ బరువెంత, పాలు తాగిందా అని అడిగాక, నువ్వెలా వున్నావు అని కూడా అడగండి. అడిగి, జవాబు వచ్చేదాకా ఫోన్ పెట్టెయ్యకండి.

ఫోన్ చేసిన సంగతి చెబుతానన్నాను కదా. మన సోదరి అరగంట మాట్లాడింది. అందులో పావుగంట ఏడ్చింది. నిద్రమాత్ర రాయలేదు. సాయంత్రం నాలుగు దాటాక టీ మానమన్నాను. పడుకునే గదిలో సెల్‌ఫోన్ పెట్టుకోవద్దన్నాను. ఇంకో రెండు వారాలకీ నిద్ర కుదురుకోకపోతే డాక్టరుకి చూపించుకోమన్నాను. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలిమానస్ నంబరు 14416 ఇచ్చాను. ఆ నంబరు ఆ చిన్నతల్లికే కాదు, ఆమెకీ పనికొస్తుంది. తెలుగులోనే మాట్లాడవచ్చు. అంతకన్నా ముఖ్యంగా, ఆ ఇంటికి మర్నాడే వెళ్ళమన్నాను, ఒక్కర్తీ వెళ్ళవద్దన్నాను.

తమ ఏ.ఎన్.ఎం.ని వెంటబెట్టుకు వెళ్ళింది. అత్తగారితో ఏ.ఎన్.ఎం. వసారాలో మాట్లాడుతూంటే, ఈమె లోపల ఆ పిల్ల పక్కన గోడకి ఆనుకుని కూర్చుందట. "నాకూ ఇలాగే వుండేదమ్మా, మూడు నెలలు" అని చెప్పిందట. ఆ మాట అనొచ్చా అని నన్ను అడిగింది. ఒక్కసారి, క్లుప్తంగా, ఆ పిల్ల కోసం అయితే అనొచ్చు, తన గుండె బరువు దించుకోవడానికి అయితే ఆ పిల్ల దగ్గర కాదు అన్నాను. ఆ వారంలోనే శ్రీకాకుళం తీసుకువెళ్ళారు. థైరాయిడ్ లోపం బయటపడింది, రక్తం కూడా తక్కువే. దానికీ, దిగులుకీ మందులు మొదలుపెట్టారు. పాలు మాన్పించలేదు. భర్త పది రోజులు సెలవు పెట్టుకుని వచ్చాడు. మందు మొదలై మూడు వారాలే అయింది, ఇప్పుడే ఏమీ చెప్పలేం.

మూడో నెలలో మళ్ళీ వెళ్ళాల్సిన సందర్శన వుంది. ఆ రోజున బరువుతోపాటు, బిడ్డ ఎటువైపు చూస్తోందో కూడా ఒక తెల్లకాగితం మీద రాసుకురమ్మన్నాను. సోదరికి ఇప్పుడు తెల్లవారుజామున నాలుగింటిదాకా నిద్ర పడుతోంది. ఇంకో ముగ్గురు కార్యకర్తలతో కలిసి, మీటింగయ్యాక, పిల్లలు వెళ్ళిపోయిన అంగన్‌వాడీ గదిలో కూర్చుంటున్నారట. పెద్దమనిషిగా ఎవరుండాలన్నది తేలలేదు. రిటైరైన నర్సులు ఎవరైనా ఆ చుట్టుపక్కల వుంటే, నెలకో గంట ఇవ్వగలిగితే, ఈ శీర్షికకి ఒక కార్డు రాయండి, ఆమెకి అందజేస్తాను.